పిలిచేదెవరు, వినేదెవరు?

మేడ్చల్ దాటాక ఒక పెద్ద గోదాము. లోపల రెండంతస్తుల మేడంత ఎత్తున ఇనప ర్యాకులు, వాటి మధ్య ఇద్దరు పక్కపక్కన నడవగలిగేంత దారులు. కొన్నేళ్ళ క్రితం మా కంపెనీ అక్కడ ఒక వ్యవస్థ పెట్టింది. పనివాళ్ళందరి మెడలోనూ ఐడీ కార్డుతో పాటు అగ్గిపెట్టెంత ట్యాగ్ ఒకటి వేలాడుతుంది. అది సెకనుకోసారి చిన్న రేడియో సంకేతం పంపిస్తుంది. పైకప్పుకి బిగించిన పెట్టెలు ఆ సంకేతాన్ని విని మనిషి ఎక్కడున్నాడో లెక్కకడతాయి. ఆఫీసు గదిలో గోడకి పెద్ద తెర, తెర మీద గోదాము మ్యాపు, మ్యాపు మీద కదిలే చుక్కలు. ఆ చుక్కల్ని కదిలించే సాఫ్ట్‌వేర్‌లో కొంత నేను రాసిందే.

ర్యాకుల దగ్గరకు వెళ్తే చుక్కలు వణికేవి. మనిషి నిలబడే ఉన్నా మ్యాపు మీద పక్క దారిలోకి దూకేవాడు. అది సరిచెయ్యడానికి నేనొక వారం అక్కడే ఉన్నాను. నాకు సాయంగా, ర్యాకుల్లోంచి సరుకు తీసి బండిలో పెట్టే పనిచేసే ఒకాయన్ని ఇచ్చారు. నాకంటే పది పన్నెండేళ్ళు పెద్ద. నేను లాప్‌టాప్ చూస్తూ "అన్నా, అక్కడే ఒక్క నిమిషం ఆగండి" అంటే ఆగేవాడు, "రెండడుగులు ఎడమకి" అంటే జరిగేవాడు. మూడోరోజు టీ తాగుతూ అడిగాడు: "సారూ, గా టీవీల నేను యాడున్ననో మీకు కనవడ్తది గదా. మరి నాకెందుకు కనవడదు?"

"మీరెక్కడున్నారో మీకు తెలుసు కదన్నా," అన్నాను.

"నేను యాడున్ననో నాకెర్కనే. మీకేం ఎర్కైతుందో గదే నాకు ఎర్కలేదు."

నవ్వేసి ఊరుకున్నాను. ఆ మాట మాత్రం నన్ను వదల్లేదు.

మా రంగం చరిత్రని సాధారణంగా కచ్చితత్వం చరిత్రగా చెప్తారు. మొదట మనిషి ఏ గదిలో ఉన్నాడో తెలిసింది, తర్వాత మూడు మీటర్ల తేడాతో తెలిసింది, ఆ తర్వాత జానెడు తేడాతో తెలిసింది, అని. పద్ధతులను పోల్చే పట్టికలు కూడా అలాగే ఉంటాయి. ఒక వరసలో టెక్నాలజీ పేరు, పక్కన పొరపాటు ఎన్ని మీటర్లు, ఆ పక్కన ఖర్చు ఎంత, బ్యాటరీ ఎన్నాళ్ళు వస్తుంది. ఆయన అడిగిన ప్రశ్నకి ఆ పట్టికలో గడి లేదు. ఆ గడి గీసి, ముప్ఫై ఏళ్ళ పైబడిన ఈ చరిత్రని మళ్ళీ ఒకసారి చదువుదామనే ఈ వ్యాసం. ప్రతి పద్ధతినీ ఒకటే అడుగుతాను: ఇందులో పిలిచేదెవరు, వినేదెవరు?

ఆకాశంలో దండోరా

ముందు ఆరుబయట సంగతి. జీపీఎస్ ఉపగ్రహాలు భూమికి సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతూ, "నేను ఫలానా, ఇప్పుడు టైమింత" అని చాటుతూ ఉంటాయి. మన ఫోను కనీసం నాలుగు ఉపగ్రహాల చాటింపు విని, ఏది ఎంత ఆలస్యంగా చేరిందో చూసుకుని, తానెక్కడుందో తనే లెక్కేసుకుంటుంది. ఉపగ్రహానికి మనం ఉన్నామన్న సంగతే తెలీదు. దండోరా వేసేవాడికి ఏ ఇంట్లో ఎవరు విన్నారో తెలియనట్టే.

మన గోప్యత మీద ప్రేమతో దాన్ని ఇలా కట్టలేదు. అది అమెరికా సైన్యం తన కోసం కట్టించుకున్న వ్యవస్థ. తానెక్కడున్నాడో తెలుసుకోవడానికి సైనికుడు రేడియోలో పలకాల్సి వస్తే, ఆ పలుకు శత్రువు చెవిన కూడా పడుతుంది. అందుకని వింటే చాలు, పలకనక్కర్లేని పద్ధతి కావాల్సొచ్చింది. సైన్యం అవసరం వల్ల మామూలు జనానికి ఒక మేలు జరిగింది: ఎక్కడున్నామో తెలుసుకోవడం కోసం ఎవరికీ చెప్పుకోనక్కర్లేదు.

కాకపోతే ఆ చాటింపు నేలకి చేరేసరికి చాలా నీరసపడిపోతుంది. సహజంగా ఉండే రేడియో గోల కంటే తక్కువ బలంతో వస్తుంది. ఫోను ముందే తెలిసిన సంకేత క్రమంతో పోల్చి చూసుకుని దాన్ని ఆ గోలలోంచి బయటికి లాగుతుంది. మధ్యలో కాంక్రీటు స్లాబులు, ఇనప రేకులు వస్తే అదీ కుదరదు. ఒకవేళ కిటికీలోంచి ఎదుటి మేడకి తగిలి వచ్చిన సంకేతం దొరికినా, అది తిరుగుదారిలో వచ్చింది కాబట్టి దూరం తప్పుగా తేలుతుంది. ఇక ఏ అంతస్తో చెప్పడం ఇంకా కష్టం.

కాబట్టి ఇంట్లోకి, ఆఫీసులోకి, ఆస్పత్రిలోకి వచ్చేసరికి వేరే ఏర్పాటు కావాలి. దాన్ని ఎవరో ఒకరు డబ్బు పెట్టి గోడలకి బిగించాలి. ఆకాశానికి యజమాని లేడు. భవనానికి ఉంటాడు. చరిత్ర మలుపు తిరిగింది అక్కడే అనుకుంటాను.

గదిగదికీ ఒక చెవి

భవనం లోపల మనుషుల జాడ పట్టే వ్యవస్థల్లో అందరూ మొదటగా చెప్పుకునేది యాక్టివ్ బ్యాడ్జ్. ఇంగ్లండ్‌లోని కేంబ్రిడ్జ్‌లో ఒలివెట్టి కంపెనీకి చెందిన పరిశోధనశాలలో తయారైంది. రాయ్ వాంట్, ఆండీ హాపర్, వాళ్ళ సహచరులు ఇద్దరు కలిసి 1992 జనవరిలో దాని మీద పేపర్ ప్రచురించారు.

వాళ్ళు పరిష్కరించాలనుకున్న సమస్య వింటే ఇప్పుడు ముద్దొస్తుంది. ఎవరికైనా ఫోన్ వస్తే ఆ మనిషి తన గదిలో ఉండడు. రిసెప్షనిస్టు ఒక్కో గదికీ ఫోన్ చేసి "వారు అక్కడున్నారా?" అని అడగాలి. చేతిలో మొబైల్ లేని కాలం. అందుకని 55 మిల్లీమీటర్ల చదరం, 40 గ్రాముల బరువు ఉన్న బ్యాడ్జ్ ఒకటి చేసి అందరి చొక్కాలకీ తగిలించారు. అది టీవీ రిమోట్‌లా పరారుణ కిరణాలతో పనిచేస్తుంది. పదిహేను సెకన్లకోసారి, సెకనులో పదోవంతు సేపు, తన నంబరు చెప్పి ఊరుకుంటుంది. పరారుణ కాంతి గోడ దాటదు. దాంతో ఏ గదిలోని సెన్సర్ విన్నదో, మనిషి ఆ గదిలో ఉన్నట్టే. లెక్కలేం అక్కర్లేదు, గదే జవాబు.

ఆ పేపర్లో నన్ను ఆపేసింది ఆదేశాల జాబితా. ఫైండ్ అంటే ఫలానా మనిషి ఎక్కడున్నాడో చెప్తుంది. విత్ అంటే ఆ మనిషి దగ్గర ఇంకా ఎవరున్నారో చెప్తుంది. లుక్ అంటే ఫలానా గదిలో ఎవరెవరున్నారో. నోటిఫై అంటే ఆ మనిషి మళ్ళీ కనిపించగానే మోగుతుంది. చివరిది హిస్టరీ. గత గంటలో ఆ మనిషి ఎక్కడెక్కడ తిరిగాడో వరసగా చూపిస్తుంది. రిసెప్షనిస్టుకి ఫోన్ కలపడం కోసం మొదటి ఆదేశం ఒక్కటి చాలు. మిగతా నాలుగూ, ఒకసారి వినడం మొదలెట్టాక, వాటంతటవే పుట్టుకొచ్చాయి. మా గోదాము డాష్‌బోర్డులో సరిగ్గా ఈ అయిదు బటన్లే ఉన్నాయి, పేర్లే వేరు. అది రాసేటప్పుడు కొత్తగా ఏదో చేస్తున్నామనుకున్నాను.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. బ్యాడ్జ్‌కి వెలుతురు తెలుసుకునే చిన్న భాగం ఉండేది. సొరుగులో పడేస్తే చీకటి గమనించి మూగబోయేది. బ్యాటరీ ఆదా కోసం పెట్టిన ఏర్పాటే గానీ, వాడేవాడికి అదొక హక్కులా కూడా పనిచేసింది. బ్యాడ్జ్ తీసి సొరుగులో వేసి వెళ్ళిపోవచ్చు. ఆ ల్యాబులో ఎవరు ఎవర్నైనా చూడొచ్చు. కట్టినవాళ్ళూ వాళ్ళే, తగిలించుకున్నవాళ్ళూ వాళ్ళే. అదే బ్యాడ్జ్‌ని జీతమిచ్చేవాడు జీతగాడి మెడలో వేస్తే సంగతి మారుతుందని ఆ రచయితలకి తెలుసు. గోప్యత సమస్యని వాళ్ళు పేపర్లోనే చర్చించారు. 1991 సెప్టెంబరులో సైంటిఫిక్ అమెరికన్ పత్రికలో మార్క్ వైజర్ రాసిన ప్రసిద్ధ వ్యాసంలో కూడా ఈ బ్యాడ్జ్‌ల ప్రస్తావన ఉంది, దాని వెనకే గోప్యత గురించిన బెంగ కూడా ఉంది. అంటే ఈ ఇబ్బంది తర్వాతెప్పుడో బయటపడింది కాదు, తొలిరోజు నుంచీ పక్కనే కూర్చుని ఉంది.

గబ్బిలం, కీచురాయి

అదే కేంబ్రిడ్జ్ ల్యాబు తర్వాత ఏటీ అండ్ టీ చేతికి వెళ్ళింది. అక్కడ పుట్టిన రెండో వ్యవస్థ పేరు బ్యాట్, అంటే గబ్బిలం. ఈసారి పరికరం చెవికి వినపడని శబ్దం చేస్తుంది. పైకప్పులో గడులు గడులుగా అమర్చిన రిసీవర్లు ఆ శబ్దం తమను చేరడానికి ఎంతసేపు పట్టిందో కొలుస్తాయి. శబ్దం నిదానంగా పోతుంది, మిల్లీసెకనుకి 34 సెంటీమీటర్లే. కాబట్టి మామూలు గడియారంతోనే చాలా సన్నగా కొలవొచ్చు. నూటికి తొంభై అయిదుసార్లు 3 సెంటీమీటర్ల లోపు తేడాతో చెప్పగలిగారు. మనిషి ఏ కంప్యూటర్ ముందు కూర్చుంటే అతని తెర అక్కడ ప్రత్యక్షమయ్యేది. మనలో చాలామంది వాడిన వీఎన్‌సీ ఆ ల్యాబులోదే. 2002లో ల్యాబు మూతపడింది. నేటికీ ఆ కచ్చితత్వం చాలా చోట్ల అందని పండే. కానీ మూడు సెంటీమీటర్ల కోసం పైకప్పు నిండా వందల చెవులు బిగించాలి. ఇక్కడా పిలిచేది మనిషి, వినేది భవనం.

2000లో ఎంఐటీ నుంచి ఇంకో పేపర్ వచ్చింది. రాసినవాళ్ళు నిశాంక ప్రియంత, అనిత్ చక్రవర్తి, హరి బాలకృష్ణన్. వ్యవస్థ పేరు క్రికెట్. ఆ మాటకి ఆటే కాదు, కీచురాయి అనే అర్థం కూడా ఉంది. ఇందులో గోడకి తగిలించిన పరికరం ఒకేసారి రెండు పనులు చేస్తుంది: రేడియోలో "ఇది ఫలానా గది" అంటుంది, అదే క్షణంలో అల్ట్రాసౌండ్ కూత వేస్తుంది. మెరుపు కనపడ్డాక ఉరుము వినపడేదాకా అంకెలు లెక్కపెట్టి పిడుగు ఎంత దూరాన పడిందో చెప్పేవాళ్ళు మా అమ్మమ్మ ఊళ్ళో. సరిగ్గా అదే లెక్క. రేడియో మెరుపు, అల్ట్రాసౌండ్ ఉరుము. మన చేతిలోని పరికరం ఆ రెండిటి మధ్య తేడా కొలిచి, ఏ కీచురాయి దగ్గరో తేల్చుకుంటుంది.

పదార్థాలు అవే, అల్ట్రాసౌండ్, రేడియో. కానీ దిశ తిరగబడింది. గోడ పిలుస్తుంది, మనిషి వింటాడు. గోడకి ఎవరు విన్నారో తెలీదు. తన జాడ ఎవరికైనా చెప్పాలా వద్దా అనేది వినేవాడి ఇష్టం. ఆ పేపర్లో లక్ష్యాలు వరసపెట్టి చెప్పినచోట వాడుకరి గోప్యత ఒకటి. అంటే గోప్యతని తర్వాత అతికించే నియమంగా కాకుండా తీగల్లోనే కట్టొచ్చని పాతికేళ్ళ క్రితమే చేసి చూపించారు. ఒక్కో పరికరానికి పది డాలర్ల లోపే ఖర్చు. మరి లోకమంతా దీన్నే ఎందుకు పట్టుకోలేదు?

ఒక కారణం, ఫోన్లలో అల్ట్రాసౌండ్ వినే ఏర్పాటు లేదు. రెండో కారణం సూటిగా చెప్పుకోవాలి. గోడకి పరికరాలు బిగించే డబ్బు భవనం యజమానిది. ఎవరెక్కడున్నారో తనకు తెలియకుండా చేసే వ్యవస్థకి అతనెందుకు ఖర్చు పెడతాడు?

చాడీలు చెప్పే ఫోను

అదే 2000లో మైక్రోసాఫ్ట్ రిసెర్చ్ నుంచి పరమవీర్ బహల్, వెంకట పద్మనాభన్‌లు రాడార్ అనే పద్ధతి ప్రకటించారు. వాళ్ళ ఆలోచన: కొత్తగా ఏమీ బిగించొద్దు, ఇంటర్నెట్ కోసం ఎలాగూ వైర్‌లెస్ పెట్టెలు ఉన్నాయి కదా. ఒక అంతస్తులో మూడు పెట్టెలు పెట్టారు. డెబ్భై చోట్ల, ఒక్కో చోట నాలుగు దిక్కులకీ తిరిగి నిలబడి, ఏ పెట్టెకి సంకేతం ఎంత బలంగా అందుతోందో రాసుకున్నారు. ఆ తర్వాత ఎవరైనా కనిపిస్తే, వారి సంకేతాల బలం ఆ పట్టికలో దేనికి దగ్గరగా ఉందో చూస్తే చోటు తెలిసిపోతుంది, రెండు మూడు మీటర్ల తేడాతో.

నాలుగు దిక్కులకీ ఎందుకు తిరగాలి? మన ఒంట్లో ఎక్కువ భాగం నీరు, ఆ నీరు వైఫై తరంగాలని మింగేస్తుంది. పెట్టెకి వీపు తిప్పి నిలబడితే మనిషే అడ్డుగోడ. ఇనప బీరువా జరిపినా, హాలు నిండా జనం చేరినా పట్టిక పాతబడిపోతుంది. మళ్ళీ ఎవరో ఒకరు భవనమంతా నడిచి కొలవాలి. ఈ చాకిరీ తప్పించడానికి తర్వాత బెంగళూరులోని మైక్రోసాఫ్ట్ రిసెర్చ్ ఇండియాలో పద్మనాభన్‌తో కలిసి కృష్ణ చింతలపూడి, ఇతరులు మంచి పని చేశారు. ఆ ఇంటిపేరు పేపర్ మీద చూసినప్పుడు నాకు ఊరికే సంతోషమేసింది. 2010 నాటి వాళ్ళ పద్ధతిలో ముందస్తు కొలతలే లేవు. భవనంలో తిరిగే ఫోన్లలో కొన్నిటికి కిటికీ దగ్గరో గుమ్మం దగ్గరో అప్పుడప్పుడు జీపీఎస్ అందుతుంది, ఆ కాసిని ఆధారాలతో మిగతాదంతా లెక్కగట్టి రాబట్టొచ్చు. 2012లో ఇంకో అడుగు వేశారు: నడిచే మనిషి గోడలోంచి పోలేడు. అంతే ఆధారం. అడుగులనీ మలుపులనీ ఫోనులోని సెన్సర్లు చెప్తాయి, ఆ నడక మ్యాపులో ఏ దారిలో మాత్రమే ఇముడుతుందో చూస్తే చోటు తేలిపోతుంది. ఇంజినీరుగా నాకు ఈ రెండు పేపర్లూ ఎప్పుడు చదివినా ముచ్చటేస్తుంది.

అయితే వైఫై వల్ల ఇంకోటి జరిగింది. ఫోను తనకి తెలిసిన నెట్‌వర్క్ కోసం ఎక్కడికెళ్ళినా "ఉన్నావా, ఉన్నావా" అని పిలుస్తూ తిరిగేది, తన మారని నంబరుతో సహా. ఎవరూ అడక్కుండానే మన జేబులో యాక్టివ్ బ్యాడ్జ్ మోగుతోందన్నమాట. దుకాణాలు ఇది కనిపెట్టాయి. అమెరికాలో నార్డ్‌స్ట్రామ్ దుకాణాలు కొనుగోలుదారుల ఫోన్ల కదలికలని ఇలా గమనించి, జనం అభ్యంతరపెట్టాక 2013లో మానుకున్నాయి. 2014లో యాపిల్, వెతికేటప్పుడు ఫోన్లు దొంగ నంబర్లు చెప్పేలా మార్చింది. తర్వాత ఆండ్రాయిడ్ కూడా అదే దారి పట్టింది. బ్యాడ్జ్ కాలంలో సొరుగు చేసిన పని ఇప్పుడు ఈ దొంగ నంబరు చేస్తోంది.

2013లో యాపిల్ ఐబీకన్ తెచ్చింది. గోడ మీద చిన్న బ్లూటూత్ బిళ్ళ తన నంబరు చాటుతుంది, ఫోను వింటుంది. చూస్తే అచ్చం క్రికెట్టే, కీచురాయి మళ్ళీ పుట్టింది అనిపిస్తుంది. కానీ ఫోనులో విన్నదాన్ని లెక్కపెట్టుకునేది యాప్, ఆ యాప్ ఇంటర్నెట్లో తన కంపెనీకి చెప్పేస్తుంది. విన్నదీ మన ఫోనే, చాడీలు చెప్పేదీ మన ఫోనే. క్రికెట్ నాటి భరోసా ఇక్కడ చెల్లదు. సంకేతం ఏ దిశలో పోతోందో చూస్తే చాలదని, సమాచారం చివరికి ఎక్కడ ఆగుతోందో కూడా చూడాలని నాకు అర్థమైంది ఇక్కడే.

కోవిడ్ కాలంలో ఈ తేడా దేశాల స్థాయిలో కనపడింది. 2020లో మన ఆరోగ్యసేతుతో సహా ఎన్నో యాప్‌లు బ్లూటూత్ పిలుపులతో ఎవరు ఎవరి దగ్గర ఉన్నారో కనిపెట్టాలని చూశాయి. యాపిల్, గూగుల్ కలిసి ఇచ్చిన పద్ధతిలో ఆ పోలిక ఫోనులోనే జరుగుతుంది, సర్వర్‌కి పరిచయాల జాబితా వెళ్ళదు. సింగపూర్ యాప్ సమాచారం జబ్బు కోసమే అని జనం అనుకున్నారు. 2021 జనవరిలో అక్కడి ప్రభుత్వమే పార్లమెంటులో చెప్పింది, నేర విచారణకి పోలీసులు కూడా తీసుకోవచ్చని. వినేవాడి దగ్గర పోగుపడింది వినేవాడి అవసరాన్ని బట్టి వాడకంలోకి వస్తుంది.

పిలిచినా వినపడకపోతే

ఇంతవరకూ చదివితే నేను క్రికెట్ పక్షం అనిపిస్తుంది. మనిషి వినాలి, భవనం పలకాలి, అంతే న్యాయం అని. అలా అనుకున్న నా తీర్పుని ఒక అగ్నిప్రమాదం సవరించింది.

1999 డిసెంబరు 3న అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రం వుస్టర్ నగరంలో పాడుబడిన ఒక కోల్డ్ స్టోరేజి గోదాముకి నిప్పంటుకుంది. ఆరంతస్తులు, కిటికీలు లేవన్నంత తక్కువ, గోడల నిండా కార్క్ పొరలు. లోపల ఇల్లూవాకిలీ లేనివాళ్ళు తలదాచుకుని ఉన్నారనే అనుమానంతో అగ్నిమాపక సిబ్బంది వెతకడానికి వెళ్ళారు. నిజానికి వాళ్ళు ముందే బయటికి వెళ్ళిపోయారు. వెతకడానికి వెళ్ళినవాళ్ళలో ఇద్దరు పొగలో దారి తప్పారు. రేడియోలో పిలిచారు. పిలుపు వినపడింది గానీ ఎక్కడి నుంచి వస్తోందో బయటివాళ్ళకి తెలీలేదు. వాళ్ళ కోసం వెళ్ళిన ఇంకో నలుగురూ తిరిగి రాలేదు. మొత్తం ఆరుగురు.

అదే ఊళ్ళో ఉన్న వుస్టర్ పాలిటెక్నిక్ విద్యాసంస్థ ఆ తర్వాత ఏళ్ళ తరబడి ఈ ఒక్క సమస్య మీదే పనిచేసింది. కాలుతున్న భవనంలో ముందుగా బిగించిన చెవులు ఉండవు. ఉన్నా కరెంటు ఉండదు. వినే పెట్టెలు ఫైరింజన్‌తో పాటే రావాలి, గోడల బయట నుంచే లోపలి మనిషి జాడ పట్టాలి. ఇనుముకి తగిలి వంద దారుల్లో వచ్చే ప్రతిధ్వనుల్లో అసలు సంకేతం ఏదో తేల్చుకోవడం ఇప్పటికీ తేలిక కాదు. మనకి దగ్గరగా చూస్తే, 2023 మార్చి 16 రాత్రి సికింద్రాబాదు స్వప్నలోక్ కాంప్లెక్సులో మంటలు లేచి ఆరుగురు చనిపోయారు. అందరూ చిన్న వయసువాళ్ళు. ఊపిరాడక పోయారు. ఆ వార్త చదివిన రాత్రి నాకు వుస్టర్ గుర్తొచ్చింది. పొగ నిండిన అంతస్తులో ఉన్నవాడికి తన జాడ రహస్యంగా ఉండాలని ఉండదు. అతని ఫోను గొంతెత్తి అరవాలి, భవనం మొత్తం వినాలి, ఏ అంతస్తో ఏ మూలో చెప్పాలి. అమెరికాలో ఎమర్జెన్సీ ఫోన్ కాల్స్ కోసం, పిలిచినవాళ్ళ ఎత్తు కూడా 3 మీటర్ల తేడాలో చెప్పాలని 2019లో నియమం పెట్టింది ఇందుకే.

కాబట్టి పిలవడం తప్పు కాదు, వినడమూ తప్పు కాదు. ఎప్పుడు పిలవాలో, ఎప్పుడు నోరు మూసుకోవాలో తేల్చే మీట ఎవరి చేతిలో ఉందన్నదే నాకు మిగిలిన ప్రశ్న. వుస్టర్‌లో ఆ ఇద్దరూ తామే పిలిచారు.

మళ్ళీ గోదాము

మా గోదాములో వాడింది అల్ట్రా వైడ్‌బ్యాండ్. అమెరికా 2002లో దానికి అనుమతి ఇచ్చింది, 2019లో ఐఫోన్ 11తో జేబుల్లోకి వచ్చింది. నానోసెకను అంతటి పొట్టి రేడియో మెరుపులు పంపుతుంది. నానోసెకనులో వెలుగు 30 సెంటీమీటర్లు పోతుంది. మెరుపు అంత పొట్టిది కాబట్టి నేరుగా వచ్చినదాన్నీ, ర్యాకుకి తగిలి ఆలస్యంగా వచ్చినదాన్నీ విడదీయొచ్చు. అన్నీ కుదిరితే పొరపాటు జానెడు దాటదు. ట్యాగ్ ఛాతీ మీద ఉండి, వినే పెట్టె వీపు వైపు ఉంటే మాత్రం నేరుగా రావాల్సింది ఒంట్లోనే ఇంకిపోతుంది. చుక్కలు వణికిన కారణం అదే. ఎంత ఖరీదు పెట్టినా మనిషి ఒళ్ళు మాత్రం 2000లో ఎలా అడ్డమొచ్చిందో అలాగే అడ్డమొస్తుంది.

ఈ టెక్నాలజీలో రెండు దిశలూ కుదురుతాయి. పెట్టెలు పలికి ట్యాగ్ విని, తన చోటు తనే లెక్కేసుకోవచ్చు. మేం ట్యాగే పలికేటట్టు పెట్టాం. అప్పుడు మేం చెప్పుకున్న కారణం బ్యాటరీ. క్షణకాలం పలికి నిద్రపోతే ట్యాగ్ నెలలు నడుస్తుంది, చెవులు రిక్కించి కూర్చుంటే తొందరగా చచ్చిపోతుంది. ఇది అబద్ధం కాదు. కానీ గోదాము వాళ్ళు కొన్నది చుక్కలున్న తెరని. ట్యాగ్ తన చోటు తను తెలుసుకుని ఊరుకుంటే ఆ తెర నల్లగా ఉంటుంది. బ్యాటరీ వాదన మాకు అనుకూలంగా ఉంది కాబట్టి దాని దగ్గరే ఆగిపోయాం.

ఇలాంటి నిర్ణయాలు తర్వాత ఎవరి మీద పడతాయో ఎయిర్‌ట్యాగ్ చూపించింది. 2021లో తాళంచెవుల కోసం వచ్చిన ఆ బిళ్ళ బ్లూటూత్‌లో పలుకుతుంది, దారిన పోయే అపరిచితుల ఫోన్లు విని సొంతదారుకి చేరవేస్తాయి. ఎవరి ఫోను విన్నదో యాపిల్‌కి కూడా తెలియనంత జాగ్రత్తగా కట్టారు. సొంతదారు గోప్యత, దారిన పోయేవాడి గోప్యత, అన్నీ చూసుకున్నారు. ఆ బిళ్ళని ఇంకొకరి సంచిలో పడేస్తే ఆ ఇంకొకరి సంగతి మాత్రం అంత చూడలేదు. ఆడవాళ్ళని వెంటాడటానికి వాడారు. తెలియని బిళ్ళ ఏదైనా మీతో పాటే తిరుగుతోందని ఏ కంపెనీ ఫోనైనా హెచ్చరించే ఏర్పాటు యాపిల్, గూగుల్ కలిసి తెచ్చేసరికి 2024 వచ్చింది.

ఆ వారం చివర్లో సమీక్ష మీటింగులో చుక్కల వణుకు గురించి చెప్పాల్సింది చెప్పాక, నేను రెండు విషయాలు అడిగాను. బాత్‌రూముల వైపు ఉన్న నడవాని లెక్కలోంచి తీసెయ్యాలని ఒకటి. క్యాంటీన్ గుమ్మం దగ్గర ఒక ట్యాబ్ పెట్టి, ఐడీ కార్డు చూపిస్తే ఎవరి నడక వాళ్ళకి కనిపించేలా చెయ్యాలని రెండోది. "దాని వల్ల మనకేంటి?" అన్నారు మేనేజరు. నా దగ్గర మంచి జవాబు లేదు. "ట్యాగ్ ఊరికే సొరుగుల్లో వదిలేసి పోవడం తగ్గుతుందండీ," అన్నాను. అది పనిచేసింది. నడవా సంగతి తర్వాత చూద్దామన్నారు. హిస్టరీ ఎన్నాళ్ళు ఉంచాలన్న మాట నేను ఎత్తలేదు, ధైర్యం చాల్లేదు.

నెల తర్వాత ఇంకో పనిమీద వెళ్ళినప్పుడు ట్యాబ్ దగ్గర ఆయన కనపడ్డాడు. కార్డు చూపించాడు. ఆ రోజు నడకంతా నీలం గీతగా వచ్చింది, కింద అంకె: 14.2 కిలోమీటర్లు. కాసేపు చూశాడు.

"ఇంత నడుస్తున్ననా సారూ?"

గీతలో ఎక్కువ భాగం ఒకేచోటికి పోయి వస్తోంది, అటు చివర ఉన్న రెండు వరసల దగ్గరికి. రోజూ అందరూ అడిగే సరుకు అక్కడ పెట్టారు. ఆయన తన ఫోనుతో ఆ తెరని ఫొటో తీసుకుని సూపర్‌వైజర్ దగ్గరికి నడిచాడు. తర్వాత ఆ రెండు వరసలూ ముందుకి మార్చారని విన్నాను. బాత్‌రూముల నడవా మాత్రం నేను ఆ ప్రాజెక్టు వదిలేనాటికి ఇంకా మ్యాపులోనే ఉంది.